గొడుగు కింద ఇద్దరు

చక్రధర్‌కి జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు, టోవా పాయోలో ఇల్లు. సాయంత్రం రైల్లో సీటు దొరకదు. ఒక చేత్తో పైన పట్టీ పట్టుకుని, రెండో చేత్తో ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఆవలింతలు ఆపుకుంటూ జపాన్ బొమ్మల సీరియల్ చూస్తాడు. యాభై ఏళ్ళ మనిషికి దాని మీద మోజేమీ లేదు. కాలేజీలో చదివే కూతురు మహతి అతనితో మాట్లాడేదల్లా దాని గురించే. అందులోని ఇద్దరు కత్తివీరులు ప్రేమికులని ఆమె వాదన, అన్నదమ్ముల్లాంటి స్నేహితులని ఇతని వాదన. ఒకసారి ఓపిక లేక, "సరేనమ్మా, నువ్వన్నదే రైటు" అన్నాడు. "ఓకే లా" అని అక్కడి పిల్లల యాసలో అనేసి ఆమె గదిలోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఇంట్లో ఫ్యాను చప్పుడే వినిపించింది.

మొన్న మంగళవారం చూసిన భాగంలో వాన కురిసింది. ఒకడు గొడుగంతా రెండోవాడి మీదికి వంచి, తను తడిశాడు. రెండోవాడు ఆ తడిసిన భుజం వైపే చూస్తూ నడిచాడు. చక్రధర్ దాన్ని మూడుసార్లు వెనక్కి జరిపి చూశాడు. స్నేహితుణ్ణి ఎవడూ అలా చూడడు. పిల్ల చెప్పిందే నిజం.

తలుపు తీస్తూనే మహతి అడిగింది. "గొడుగు సీన్ చూశావా నాన్నా? ఇప్పుడేమంటావ్?"

అతను వంగి, బూట్ల లేసులు నెమ్మదిగా విప్పుకున్నాడు. "ఏముంది? తమ్ముడికి జలుబు చేస్తుందని పట్టాడు."

"అయ్యో నాన్నా, యూ ఆర్ సో బ్లైండ్ లా" అంటూ ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.