బోర్డు మీద పాల్ ఫొటో

“కేసున్నోడికి ఉజ్జోగం లేదంటారేటి బాబూ? గంజాయి కేసుల్లో నలిగిపోయినోళ్లకే ఇస్తామని మైకులో మీరే కదా సెప్పినారు!”

కంపెనీ ఆఫీసరు నరసింగరావు మీద పాల్ అరుస్తున్నాడు.

పాల్ సాలూరు లారీ డ్రైవరు. షావుకారు కట్టించిన టార్పాలిన్‌ని డ్రైవరు విప్పి చూడడం అక్కడ మర్యాద కాదు. ఆ మర్యాద పాటించినందుకే, చింతపండు బస్తాల కింద గంజాయి దొరికి, ఆరేళ్లు జైల్లో మగ్గాడు. షావుకారు పేరు కేసులోకే రాలేదు. ఇప్పుడు అదే ఆకుతో నొప్పుల నూనె చేసే కంపెనీ, లైసెన్సు చేతపట్టుకుని, సామాజిక న్యాయం చేస్తానంటూ దిగింది.

“రూలు అలగుంది, నేనేటి చెయ్యను పాల్? నీ ఫొటో అయితే ‘గంజాయి కేసులో ఆరేళ్లు నలిగిన పాల్’ అని రాసి పెద్ద బోర్డు మీద వేయించాం” అన్నాడు నరసింగరావు.

పాల్ గొంతు దిగిపోయింది. “ఆ ఆరేళ్లూ బొంబాయిలో లారీ తోలినానని మా పాపకి సెప్పినాం బాబూ. ఆ బోర్డు మా సర్చి ఎదర మాత్రం కట్టకండి.”