పేజీల్లేని సాక్ష్యం

మా ఆఫీసు అనువాదకులు సార్ పోయారని మొన్న జగిత్యాల నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. తెలిసినవాళ్లకు చెప్పమన్నాడు. ఆయన వల్ల క్షేమంగా ఇల్లు చేరినవాళ్లలో సగం మందికి ఆయన పేరు కూడా తెలియదు. అందుకే ఇలా రాస్తున్నాను.

గల్ఫ్‌లో స్టేడియంలు లేస్తున్న రోజులవి. అల్ మన్సూరాలో ఒక లాయరు ఆఫీసులో నేను టైపిస్టుని. లాయరును పెట్టుకోలేని కూలీల కేసులు కోర్టు మాకు అప్పగించేది. వాళ్ల తెలుగును అరబ్బీలో పెట్టే సార్‌కు పేజీకింత అని ఫీజు. కాగితాల కాలంలో పెట్టిన పద్ధతి. మనవాళ్లు కాగితం మీద రాస్తారా? అన్నీ వాయిస్ మెసేజులే. పది గంటలు విన్నా తేలేది అర పేజీ. ఫోన్లు పెరిగినా ఫీజు మాత్రం గొర్రె తోక బెత్తెడే.

"పనికొచ్చేవే వినొచ్చుగా సార్!" అని విసుక్కునేదాన్ని.

"ఏది పనికొస్తదో ఇనకముందే ఎట్ల తెలుస్తది బిడ్డా?" అనేవారు.

బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపులో ఉండే ఒక మేస్త్రీ మీద కేబుల్ దొంగతనం కేసు పడింది. "ఫోర్‌మన్ తెమ్మంటేనే తీస్కపోయిన సార్," అంటాడు. ఫోర్‌మన్ పంపిన ఆ వాయిస్ మెసేజేమో అతని ఫోన్‌లో లేదు. ఫోన్ నిండిపోతే ఇంటి నుంచి వచ్చిన పిల్లల వీడియోలు ఉంచుకుని డ్యూటీ మెసేజులు తుడిచేయడం క్యాంపులో అందరికీ అలవాటే. ఇతనూ అదే చేశాడు. జైలు ఖాయమనుకున్నాం.

ఊళ్లో ఉన్న మేస్త్రీ భార్యతో సార్ మాట్లాడి, ఆమె ఫోన్‌లోని మెసేజులన్నీ తెప్పించారు. తొమ్మిది రోజులు విన్నారు. చివరికి దొరికింది. ఒక శుక్రవారం వీడియో కాల్ ఎందుకు చేయలేదని ఆమె అలిగితే, డ్యూటీ పడిందని నమ్మించడానికి మేస్త్రీ ఆ ఫోర్‌మన్ మెసేజునే ఆమెకు పంపాడు! కేబుల్ బండిలో వేసుకుని రమ్మన్న మాట అందులో స్పష్టంగా ఉంది. సార్‌కు దక్కింది అర పేజీ ఫీజు.

విడుదలైన రోజు మేస్త్రీ దండం పెట్టడానికి వచ్చాడు. సార్ అతన్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు.

"నీ ఫోన్ పోలీసుల దగ్గరుందని తెల్సి గూడ, నీ భార్య రోజూ నీకు మెసేజ్ పెట్టింది. అన్నీ నేనే ఇన్న, ఏమనుకోకు. గివి నీయి."

కాసేపటికి అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. మేమిద్దరం బయటికొచ్చేశాం. సార్ తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా నిలబడ్డారు. పని మీద ఎవరొచ్చినా చెయ్యెత్తి ఆపుతున్నారు.

"జర ఆగుండ్రి. లోపల ఆలుమగలు మాట్లాడుకుంటున్నరు."