తెగిన చెవి తమ్మెలు

ఎనభైల మొదట్లో బాప్తిస్మం తీసుకున్నాక మా ఇంట్లో ఆడవాళ్ళం బంగారం మానేశాం. అప్పటికే బరువు దుద్దులకు నా చెవి తమ్మెలు తెగి రెండుగా వేలాడేవి.

"చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నువ్వు లేస్తే అందరూ ఆ చెవులే చూస్తున్నారమ్మాయ్. కుట్టించేసుకో," అని మా అత్తగారు రోజూ పోరేవారు. చివరికి బ్రాడీపేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

ఎడమ చెవి కుట్టడం అయ్యాక ఆయన, "మానాక మళ్ళీ దుద్దులు పెట్టుకోవచ్చమ్మా," అన్నారు.

"మేం నగలు పెట్టుకోమండి."

"మరి ఇదంతా ఎందుకమ్మా?"

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ బైబిలు సంచి సర్దుకుంటున్నారు. "రెండోది వద్దండి," అని లేచేశాను.

ఇంటికి తిరిగొచ్చే చిలకలూరిపేట బస్సులో ఆవిడ నా పక్కన కాక ముందు సీట్లో కూర్చున్నారు. ఆదివారం చర్చిలో ఏ చెవిని గోడవైపు పెట్టుకుని కూర్చోవాలో తేలక, పాట అయ్యేదాకా చోటు మారుతూనే ఉన్నాను.