నాన్న గీసిన ఫౌంటెన్

ఎదురింట్లో కిటికీ అద్దాలకు లప్పం పెడుతున్నారు. ఆ నూనె వాసన తగలగానే ధవళేశ్వరంలో మా అద్దె ఇంటి పెరడు, మండువేసవి, చాపల మీద ఆరుతున్న మామిడి తాండ్ర, పక్కనే అడుగు కోసేసిన పాత గంగాళం ముందు గొంతుక్కూర్చున్న నాన్న, అన్నీ ఒక్కసారే కళ్ళముందుకొచ్చాయి.

నాన్న ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కాలువలూ లాకులూ గీసే మనిషి. నాకు పదేళ్ళప్పుడు రాజమండ్రిలో ఒక సెంటర్లో రంగు దీపాల ఫౌంటెన్ కట్టాలనుకున్నవాళ్ళు, ఆయన చేతి గీత చూసి నమూనా గీసిమ్మన్నారు. అలాంటిదాన్ని ఆయన అంతకుముందు చూసి ఎరగరు. పక్కనుంచి వెలుగు వేస్తే నీళ్ళకు రంగు పట్టడం లేదని, కిందనుంచే వెయ్యాలని పట్టుబట్టారు. గంగాళం అడుగున మందపాటి అద్దం బిగించి, అంచులకు లప్పం దట్టించి, నాటకాల వాళ్ళనడిగి తెచ్చిన రంగు కాగితాలు టార్చిలైటుకు చుట్టి కింద పెట్టి, గోడ మీది డబ్బాలోంచి రబ్బరు గొట్టంతో నీళ్ళు చిమ్మిస్తుంటే, తాండ్ర తడిసిపోతోందని అమ్మ కేకలేసేది. తడిసిన ముక్కలన్నీ నావే.

కట్టడం పూర్తయ్యేసరికి ఊళ్ళో పుకారు పుట్టింది, నీళ్ళలో కరెంటు పెట్టారని, తుంపర పడినా షాకు కొడుతుందని. అందరికంటే ఎక్కువ భయపడింది అమ్మే.

“వద్దని చెప్పెయ్యండి. ఎవరికైనా ఏమన్నా అయితే?”

నాన్న విసుక్కోకుండా పటం పరిచారు. “నీళ్ళలో కరెంటే ఉండదు కదా! దీపాలన్నీ కింద పొడిగదిలో. మధ్యలో ఇదిగో, అద్దం.”

అమ్మ తలూపింది గాని, నమ్మినట్టు లేదు.

ప్రారంభం రోజు సాయంత్రం మల్లెపూల బుట్టలు, మరమరాల బండ్లు, ఇసకేస్తే రాలనంత జనం. నీళ్ళు ఎర్రగా, పచ్చగా, నీలంగా లేచాయి. అందరూ “అబ్బ!” అన్నారే గాని ఒక్కరూ దగ్గరికి రాలేదు. “వెళ్ళకండర్రా, లాగేస్తుంది!” అని ఎవరో షావుకారుగారు అరిచారు. నాన్న ముఖం వాడిపోయింది. చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని తొట్టిలోకి దిగారు. ఆయన తెల్లచొక్కా ఎర్రబడింది, తర్వాత నీలమైంది. అప్పుడు అమ్మ నా చెయ్యి వదిలేసి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, తనూ దిగి ఆయన పక్కన నిలబడింది. ఆ తర్వాత పిల్లల్ని ఆపడం పోలీసుల వల్ల కూడా కాలేదు.

ఇప్పుడు నాన్న లేరు. ఫౌంటెన్ తీసేసి చాలా ఏళ్ళయింది, అక్కడ ట్రాఫిక్ సిగ్నల్ స్తంభాలున్నాయి. మొన్న ఆటోలో అటు వెళుతూ అమ్మనడిగాను, ఆ రోజు నాన్న మాట నమ్మే దిగావా అని.

“ఎక్కడ నమ్మాను? షాకు కొడుతుందనే అనుకున్నాను. అంతమందిలో ఆయనొక్కరే నిలబడుంటే చూడలేకపోయానే” అంది.