వీపు తిప్పని మాష్టారు

“మిమ్మల్ని చూసి పిల్లలు భయపడతారా, పిల్లల్ని చూసి మీరు భయపడతారా?”

ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో సీటు కోసం వెళ్లిన రోజు ప్రిన్సిపాలమ్మ అతన్ని కూర్చోమని కూడా అనకుండా అడిగిన ప్రశ్న ఇది. అతనికి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. బయట వరసలో నిలబడ్డవాళ్లంతా అతని మేనల్లుళ్ల వయసువాళ్లు.

“పన్నెండేళ్లు మందుల గోడౌన్లో పెట్టెలు లెక్కపెట్టానండీ. పిల్లలకేం భయపడతాను?” అన్నాడు.

“పెట్టెలు ఎదురు చెప్పవు” అంటూ ఆవిడ దరఖాస్తు మీద సంతకం గీకి పక్కన పడేసింది.

గోడౌన్ మూతపడి అప్పటికి కొన్ని నెలలు. డిగ్రీ ఉంది, లెక్కలంటే ఇష్టం ఉంది, వేరే దారి లేదు. ఈ మూడింటిలో మూడోదే అసలు కారణం. ఏదో పిలుపు విని ఈ వృత్తిలోకి వచ్చామని చెప్పేవాళ్లు సభల్లో కనిపిస్తారు గానీ, చాలామంది ఆ ఒక్క తలుపే తీసి ఉందని వస్తారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అతని భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట మిషను మీద పనిచేస్తుంది. సీటు వచ్చిందని చెప్పినరోజు ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే తేల్చి చెప్పేసింది.

“ఒక్క ఏడాది ఇల్లు నేను లాగుతాను. రెండో ఏడాది మాత్రం అడక్కండి. నా నడుం ఇనపది కాదు.”

కాలేజీ పద్ధతి తెలిసినవాళ్లకి ఆ మాట ఎంత బరువో అర్థమవుతుంది. ఏడాది చివర, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఎదుట, నిజమైన తరగతిలో ఒక్క పాఠం చెప్పాలి. అందులో తప్పితే మళ్లీ మొదటినుంచి ఏడాది చదవాలి. అంటే ఆ ఇంటి బతుకంతా ఒక్క పీరియడు మీద వేలాడుతోందన్నమాట.

పొద్దున పూట కాలేజీలో సిద్ధాంతాలు. మధ్యాహ్నం వీధికి అవతల ఉన్న బడిలో సాధన. అతనికి ఐదో తరగతి వచ్చింది. పొడుగాటి గది, ఎడమవైపు కిటికీలు, ఒక్కొక్కరికి ఒక్కో డెస్కు, డెస్కు పక్కన కొక్కానికి వేలాడే బ్యాగు. మొదటి రోజు క్లాసు టీచరు “మీ ఇష్టం, మాష్టారూ” అని టీ తాగడానికి వెళ్లిపోయింది.

అతను ‘భిన్నాలు’ అని బోర్డు మీద రాసి ఇటు తిరిగాడు. గది నిశ్శబ్దంగా ఉంది. చేతులు కట్టుకుని అందరూ అతన్నే చూస్తున్నారు. ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో తెలియలేదు. మళ్లీ తిరిగి ఒక వృత్తం గీశాడు. ఇటు చూశాడు. మందపాటి కళ్లద్దాల కుర్రాడొకడు ఇంతకుముందు కిటికీ పక్కన ఉన్నాడు. ఇప్పుడు గోడ పక్కన ఉన్నాడు.

“బాబూ, నువ్వు ఇందాక కిటికీ దగ్గర కూర్చున్నావు కదూ?”

“లేదు సార్. నేనెప్పుడూ ఇక్కడే సార్.”

తరగతి తరగతంతా అవునవునని తల ఊపింది. ఒక్క పెదవి కూడా వంకర పోలేదు.

ఇంకెవరైనా అయితే నవ్వి ఊరుకునేవారు, లేదా గద్దించేవారు. అతని గుండె మాత్రం జారిపోయింది. దానికి కారణం ఆ గదిలో లేదు. అతని నాన్నకి మొదలైంది ఇలాగే. ఒక సాయంత్రం ఆయన హాల్లో నిలబడి, “ఈ బీరువాని ఇటు జరిపిందెవర్రా?” అని అడిగారు. బీరువాని ఎవరూ జరపలేదు. ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు. రెండేళ్లు తిరిగేసరికి ఆయన సొంత కూతుర్నే పట్టుకుని “ఎవరమ్మా నువ్వు?” అన్నారు. బీరువా మాట అన్ననాడు ఆయనకి నలభై నాలుగు.

ఆ సాయంత్రం అతను ఇంటికి నడిచి వెళుతూ వీధిలో దుకాణాల వరస మనసులో అప్పజెప్పుకున్నాడు. మంగలి షాపు, తాళాలు బాగుచేసేవాడు, చెప్పుల కొట్టు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరలేదు. నాన్న కూడా వీధులు చివరిదాకా మర్చిపోలేదు మరి.

వారం తిరక్కుండా ఇంకో దెబ్బ తగిలింది. వంటింట్లోకి వెళితే ఉప్పు డబ్బా ఉండే చోట లేదు.

“ఉప్పు ఎక్కడుంది?” గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

“పొయ్యి పక్కకి మార్చాను. పాత చోట చీమలు.”

“నువ్వే మార్చావా?”

“ఏం, మార్చకూడదా?”

“అయ్యో, మార్చు! రోజూ మార్చు!” అన్నాడు పొంగిపోతూ. ఆమె అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

నాన్న సంగతి ఆమెకి తెలుసు. తన అనుమానం మాత్రం చెప్పలేకపోయాడు. చెబితే డాక్టరు, డాక్టరంటే సెలవు, సెలవంటే హాజరు తక్కువ, హాజరు తక్కువైతే పరీక్షకి కూర్చోనివ్వరు. అదీగాక, పైకి అనేస్తే అది నిజమైపోతుందేమోనని కూడా ఉంది. చదువుకున్నవాళ్లకి ఇలాంటి భయాలుండవని ఎవరన్నారో గానీ, వాళ్లు చదువుకున్నవాళ్లని దగ్గర్నుంచి చూసి ఉండరు.

తరగతిలో వీపు తిప్పకపోతే చాలు. తిప్పితేనే కదా మొహాలు చోట్లు మారేది. బోర్డు మీద రాయాల్సిందంతా ఇంట్లోనే అట్టల మీద రాసి తెచ్చుకుంటే తిరగాల్సిన పనే ఉండదు. మొదట ఒక అట్ట తెచ్చాడు, తర్వాత మూడు, తర్వాత చంకలో పట్టనన్ని. పాఠం పేరుకొక అట్ట, ప్రతి లెక్కకీ ఒక అట్ట, జవాబుకి ఇంకో అట్ట. భార్య పని నుంచి వచ్చి, కాళ్లు చాపుకుని, పెద్ద కత్తెరతో రంగు కాగితాలు గుండ్రంగా కత్తిరించి పెట్టేది. బట్ట మీద తిరిగిన చెయ్యి కదా, ఆమె కోసిన వృత్తాలకి వంక పెట్టేవాడు లేడు.

“మీ పిల్లలు అదృష్టవంతులండీ. నాకు లెక్కలు చెప్పినాయన బెత్తం తప్ప ఏమీ తెచ్చేవాడు కాదు” అంది ఒకరోజు. అతను కంచం పక్కకి జరిపి లేచిపోయాడు.

కాలేజీలో పేరు మారుమోగిపోయింది. పరిశీలనకి వచ్చిన లెక్చరరు ‘బోధనోపకరణాల తయారీలో ఆదర్శప్రాయుడు’ అని రాసి వెళ్లాడు. ప్రదర్శనలో ఒక బల్ల నిండా అతని అట్టలే పెట్టారు. భయానికి రంగు కాగితం చుడితే శ్రద్ధలా కనిపిస్తుంది. అక్కడ ఎవరూ దాన్ని విప్పి చూడలేదు.

ఒక్క మనిషి మాత్రం చూసీ చూడనట్టు చూసింది. ఆమె అతనితోపాటు శిక్షణలో ఉన్న పెద్దావిడ. పూర్వాశ్రమంలో బస్సు కండక్టరు. అందరూ కండక్టరమ్మ అనేవాళ్లు.

“ఏం తమ్ముడూ, అట్టలు మోస్తున్నావా, అట్టల వెనక దాక్కుంటున్నావా?”

“పిల్లలకి బాగా అర్థమవుతుందక్కా.”

“నాకు చెప్పకు. బస్సులో టిక్కెట్టు లేనివాడు కూడా అచ్చం ఇలాగే నవ్వుతాడు.”

మంచి రోజులు లేకపోలేదు. రోజంతా దగ్గే కుర్రాడొకడు, సగంలో సగం అంటే పావు అని పక్కవాడికి తన రొట్టె తుంచి చూపించాడు. ఆ పూట అతనికి ఇల్లు చేరిందాకా కాళ్లు నేలమీద ఆనలేదు. మర్నాడు మళ్లీ మామూలే. గడపలో అడుగు పెట్టగానే కళ్లు డెస్కుల వెంట పరుగెత్తేవి. రెండు జడల పిల్ల కిటికీ వరసలో రెండోది. దగ్గు కుర్రాడు తలుపు పక్కన. కళ్లద్దాలవాడు కిటికీ వరసలో మూడో డెస్కు. పాఠం చెబుతూనే ఆ వరసల్ని పదేపదే తడుముకునేవాడు, జేబులో తాళం చెవి ఉందో లేదో చూసుకున్నట్టు. నెలలు గడిచాయి, ఎవరూ చోటు మారలేదు. అంటే తన జబ్బు వీపు తిప్పినప్పుడే వస్తుందా? అలాంటి జబ్బు ఉంటుందా? ఎవర్ని అడగాలి?

పరీక్ష రోజు పొద్దున భార్య అతని చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది. “మీకు తిరుగుంటుందా, బోలెడు అట్టలున్నాయి” అంది.

బయటినుంచి వచ్చిన పరీక్షాధికారిణికి పడిశం. చేతిలో వేణ్నీళ్ల ఫ్లాస్కు, ముక్కుకి రుమాలు. గదిలో చివరన కుర్చీ వేయించుకుని కూర్చుంది. అతను మొదటి అట్ట తగిలించబోయాడు.

“ఆగండి. అవన్నీ బయట పెట్టండి.”

“మేడమ్?”

“అట్టలు చేయడం వచ్చని చదివాను. సంతోషం. సుద్దముక్కతో చెప్పడం వచ్చో రాదో చూద్దామని. భిన్నాల కూడిక, మూడు లెక్కలు. కానివ్వండి.”

అట్టల కట్టని వరండాలో గోడకి ఆనించి వచ్చి సుద్ద అందుకున్నాడు. సుద్దముక్క జారింది. ఎవరో కిసుక్కుమన్నారు. భార్య నడుం గుర్తొచ్చింది. నాన్న హాల్లో నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. అయినా చేసేదేముంది, బోర్డు వైపు తిరిగాడు.

సగం, మధ్యలో కూడిక గుర్తు, మూడో వంతు. రాసింది అంతే. వెనక ఏదో కదిలింది. చెప్పు రాసుకున్నంత చిన్న చప్పుడు. సుద్ద పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది. తిరిగితే చూడాలి. చూస్తే తెలిసిపోతుంది. ఒక్క క్షణం, తలుపు తీసుకుని అట్నుంచి అటే వెళ్లిపోదామా అనిపించింది.

తిరిగాడు.

కళ్లద్దాలవాడు గోడ పక్కన ఉన్నాడు.

మొదటి రోజులాగే చేతులు కట్టుకుని, అదే బుద్ధిమంతుడి మొహం పెట్టి. కానీ ఇది మొదటి రోజు కాదు. ఇన్ని నెలలుగా ఆ గదిని కంటితో తడిమి తడిమి, తన ఇంటి వంటింటికన్నా ఎక్కువగా కంఠతా పట్టాడు. అయినా కంఠతా వచ్చినవే కదా నాన్నకీ పోయినవి. చివరి కుర్చీలో ఆవిడ పెన్ను కదలడం ఆగింది. ఆవిడకి అంతా కనపడే ఉంటుంది. అడిగితే చెబుతుందేమో. కానీ ‘మేడమ్, ఈ పిల్లవాడు నిజంగా కదిలాడా?’ అని అడిగిన మాష్టార్ని ఎవరు పాస్ చేస్తారు?

“నువ్వు కిటికీ దగ్గర ఉండాలి” అన్నాడు.

“లేదు సార్. నేనెప్పుడూ ఇక్కడే సార్.”

అందరూ తలలు ఊపారు. నేల మళ్లీ కదిలినట్టయింది. అప్పుడు అతని కళ్లు వాడి డెస్కు పక్కన వేలాడుతున్న బ్యాగు మీద పడ్డాయి. గోడౌన్లో పన్నెండేళ్లు పెట్టె మీది చీటీని నమ్మక, మూత తీసి చూసిన మనిషి.

“సరే. నీ బ్యాగులోంచి లెక్కల పుస్తకం తియ్యి.”

వాడు కొక్కెం వైపు చూశాడు. పుస్తకం తీయలేదు.

“తియ్యి, బాబూ.”

“సార్... అది నాది కాదు సార్.”

తరగతి పగలబడి నవ్వింది. నవ్వు మధ్యలోనే విషయమంతా బయటపడింది. ఆ బడిలో అదొక ఆట. శిక్షణకి వచ్చిన మాష్టారు బోర్డు వైపు తిరిగిన ప్రతిసారీ ఒక్క జత చోట్లు మార్చుకోవాలి. దొరికితే ఓడినట్టు. ఈ మాష్టారు వీపు తిప్పడం మానేశాక తరగతికి ఆట కరువైంది.

“ఇన్నాళ్లకి తిరిగారు సార్, ఆగలేకపోయాం” అంది రెండు జడల పిల్ల, తప్పంతా ఆయనదే అన్నట్టు.

అతను కూడా నవ్వాడనీ, పిల్లల్ని దగ్గరికి తీసుకున్నాడనీ రాస్తే చదవడానికి బాగుంటుంది. అతనికి కోపంతో కళ్లు చీకట్లు కమ్మాయి. ఇన్ని నెలలు తనకి నిద్ర లేకుండా చేసింది వాళ్లకి ఆట. “ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి” అని మాత్రం అనగలిగాడు. అందరూ సర్దుకుని, రెండు లెక్కలు అయ్యేసరికి గంట కొట్టే వేళైంది. మూడో లెక్క సగంలో ఆగిపోయింది.

వరండాలో పరీక్షాధికారిణి ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆగింది.

“వాళ్ల చోట్లు అంత బాగా ఎలా గుర్తున్నాయి మీకు?”

“రోజూ చూస్తానండీ.”

“మంచి అలవాటే. కానీ మూడో లెక్క అవలేదు. తరగతి అదుపులో మార్కులు తగ్గించాను.” వెళుతూ వెళుతూ తుమ్మి, “అయినా పాసే” అంది.

పాసే. బొటాబొటీ మార్కులు. అతను మెట్ల మీద కూలబడ్డాడు. కండక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా వీపు మీద ఒకటి చరిచింది.

సాయంత్రం భార్యకి అంతా చెప్పాడు. బీరువా సంగతి దగ్గర మొదలుపెట్టి, బ్యాగు దాకా.

“అంటే నాచేత కాగితాలు కత్తిరించింది పాఠం కోసం కాదన్నమాట.”

“కాదు.”

“నేనేమో మీరు గొప్ప పంతులని ఊరంతా చాటాను.” ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఇంకేదో అయిపోయింది. “నాకు ఒక్క మాట చెప్పడానికేం? నేనేమైనా పరీక్షాధికారిణా?”

ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు, అయితే ఈసారి భయపడుతున్నది ఇద్దరూ కలిసి. అతని బుర్ర సవ్యంగా ఉందని తేలింది ఆ రోజుకి మాత్రమే. ఐదేళ్ల తర్వాత సంగతి పిల్లల బ్యాగులు చెప్పలేవు.

ఇప్పుడతను రెండు వీధుల అవతల ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతున్నాడు. బోర్డు వైపు తిరిగేముందు ఇప్పటికీ ఒకసారి ఊపిరి బిగబడతాడు. తిరుగుతాడు, రాస్తాడు, ఇటు చూస్తాడు. అట్టలు వాడడం మానేశాడు. మొదటి జీతం ఇంటి అద్దెకి పోయింది, రెండోది భార్య నడుం వైద్యానికి. అట్టల కొట్టులో ఆరు వందల నలభై ఇంకా ఇవ్వాలి.