తువాలు కింద తెగని బేరం

ఆ రోజుల్లో మా ఇంట్లోకి కొసరు లేకుండా ఏ వస్తువూ వచ్చేది కాదు. కూరగాయలతో కరివేపాకు, చీరతో జాకెట్టు గుడ్డ, ఆఖరికి జ్వరం మాత్రలు కొన్నా దగ్గు బిళ్ళ ఒకటి ఊరికే వెయ్యమని మందుల అంగడి ముందు కదలకుండా నిలబడే అవ్వ చేతిలో పెరిగినవాణ్ణి. ఉదయగిరిలో గోతాలు, తాళ్ళు, గింజలు అమ్మే అంగడి మాది. (తనను చూడ్డానికి వచ్చినప్పుడు మావాళ్ళు ఏం కొసరు అడిగారని మా ఆవిడ ఇప్పటికీ ఆరా తీస్తుంది. నేను వినపడనట్టు ఉంటాను.) కాబట్టి నేను విమానం ఎక్కింది టిక్కెట్టు కొని కాదు, కొసరుగా. కూలడం ఆ కొసరు మీద కొసరు. నా భుజం ఎముక ఒకటి విరిగింది, అంతే. నా పక్కన కూర్చున్న మనిషి విషయంలో మాత్రం నాకు బేరం గిట్టలేదు.

అప్పటికి ఆత్మకూరులో కొత్తగా ఇంకో అంగడి తెరిచి, మీసం సరిగా రాని నన్ను అందులో కూర్చోబెట్టారు. వానలకు ముందు ఉదయగిరి కొండల మీద గింజలు పెట్టిన మట్టి ఉండల్ని చిన్న విమానంలోంచి చల్లాలని కొందరు పెద్దమనుషులు పూనుకున్నారు. వేప, కానుగ, సీతాఫలం గింజలు నా దగ్గరే తీసుకున్నారు. రేటు తగ్గించమన్నారు. తగ్గిస్తాను గానీ ఒక్కసారి ఎక్కించాలన్నాను. మా నాయనకు తెలిసి, "ఎద్దుతో పలుపు అడిగేవాణ్ణి చూసినాను గానీ, గింజలమ్మి విమానం అడిగేవాణ్ణి నిన్నే చూస్తా ఉండా" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియదు. మా ఇంట్లో రెండూ ఒకే గొంతుతో జరిగేవి.

నడిపేవాడు కలువాయి పిల్లోడు, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళమ్మ అక్కడ బళ్ళో టీచరు. నేను పైలటన్నా అని పిలిచేవాణ్ణి. విమానమంటే ముందూ వెనకా చూసుకోవడానికేం లేదు, రెండు సీట్లు, ఇన్ని రేకులు, రెక్కలకు గుడ్డ. ఆ గుడ్డను రెండు వేళ్ళతో నలిపి చూసి, మా అంగట్లో గోతాల మీద కప్పే పట్టాలే ఇంతకన్నా మందం అన్నాను. "కొనడానికి రాలేదు నువ్వు. బెల్టు పెట్టుకో తమ్ముడూ" అన్నాడు.

పైకి లేచాక సోమశిల నీళ్ళు ఒక పక్కన ఎండకు మెరుస్తూ కనిపించాయి. కొండల మీద గింజలు సగం చల్లామో లేదో, ఎక్కణ్ణుంచో ఒక గద్ద వచ్చి ముందున్న ఫ్యానుకు కొట్టుకుంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అంత నిశ్శబ్దాన్ని నేను మళ్ళీ వినలేదు. అతను బండరాళ్ళను తప్పించి ముళ్ళపొదల వాలు మీదికి దించాడు. కూలడమని మొదట నోరు జారాను గానీ, దించాడనే అంటాను. కూలిందని పక్కవాళ్ళు అంటే నాకు కోపం వస్తుంది.

కళ్ళు తెరిచేసరికి బెల్టు తెగి నేను పొదలో ఉన్నాను. అతను సీట్లోనే ఉన్నాడు. ముందు భాగం వంగి అతని నడుము మీద కూర్చుంది. ఒంటిచేత్తో ఆ ఇనుము కదల్లేదు. ఫోన్లలో ఒకటి ముక్కలైంది, ఇంకోదానికి సిగ్నల్ లేదు. కింద ఎక్కడో మేకల గంటలు వినబడితే గొంతు పోయేలా అరిచాను. ఎవరో బదులు పలికారు. దారిలేని కొండ, ఎక్కి రావడానికి చాలాసేపు పడుతుంది. అంతదాకా అతను మెలకువగా ఉండాలి. దెబ్బతిన్న మనిషిని నిద్రపోనివ్వకూడదని ఎక్కడో విన్నాను. ప్రార్థన చేద్దామన్నాను, మొదటి మాటకే అతనికి ఊపిరి అందలేదు. "మాట్లాడితే నొప్పిగా ఉండాది" అన్నాడు.

నోటితో పనిలేకుండా నాకు తెలిసిన విద్య ఒక్కటే. పశువుల సంతలో మా తాత నేర్పింది. ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పుతారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకుండా లోపల వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు. చేతులు లోపల ఉన్నంతసేపూ బేరం బతికే ఉన్నట్టు. బయటికి తీస్తే తెగినట్టు. నా భుజం మీది తువాలు అతని చేతి మీద కప్పి, పక్కన పడున్న అతని నల్లద్దాలకు బేరం పెట్టాను. ఒక వేలు పట్టుకుని, ఒక వంద అన్నాను.

అతను కళ్ళు తెరిచి, "ఒక అద్దం పగిలిపోయినాది గదరా. దానికి వందెందుకు?" అన్నాడు.

"నువ్వు అమ్మేవాడివన్నా. ఆ మాట నేననాల" అన్నాను. పెదాలు కొంచెం నవ్వాయి. రెండు వేళ్ళు పట్టుకున్నాడు. నేను ఒకటే అన్నాను. వెంటనే దిగొచ్చి ఒకటే పట్టుకున్నాడు. ఇలాంటి అమ్మేవాణ్ణి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. బేరం కుదిరితే చెయ్యి తీసెయ్యాలి. తీస్తే అతను కళ్ళు మూసుకుంటాడు. అందుకని నేనే రెండు వేళ్ళు పట్టుకున్నాను, తర్వాత మూడు. కొనేవాడే రేటు పెంచడం మా వంశంలో అదే మొదలు. అతనికి ఆట అర్థమైంది. "ఇంకొంచెం పెంచు తమ్ముడూ" అన్నాడు.

సంతోషంగా నాలుగు వేళ్ళు పట్టుకున్నాను. జవాబు రాలేదు. మాట్లాడకుండా బిగబట్టుకున్న అమ్మకందారుకు లొంగగూడదని నాయన నూరిపోశాడు. అయినా లొంగిపోయి చెయ్యంతా పట్టుకున్నాను. నెమ్మదిగా ఆలోచించుకోమన్నాను. ఇంత తొందరగా బేరం నేర్చుకున్నాడే అని, నిజం చెప్తున్నాను, కాస్త గర్వపడ్డాను కూడా.

పొద్దు వాలుతుండగా మేకలవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒక ముసలాయన తువాలు చూసి ఆగిపోయాడు. "కాసేపుండు పెద్దాయనా, బేరం నడస్తా ఉండాది" అన్నాను. ఆయన నా పక్కన గొంతుక్కూర్చుని, తన చెయ్యి కూడా తువాలు కిందికి పెట్టి, అతని మణికట్టు పట్టి చూశాడు.

"ఆయన చెయ్యి తీసేసుకోని శానాసేపయినాది నాయనా" అన్నాడు. "నువ్వు గూడా తీసెయ్యి."

భుజం కట్టు విప్పాక కలువాయి వెళ్ళాను. ఆఖర్న ఏమన్నాడని వాళ్ళమ్మ అడుగుతుందని తెలుసు. బస్సులో దారంతా మంచి మంచి అబద్ధాలు కూర్చుకున్నాను, అమ్మను తలుచుకున్నాడని, దేవుణ్ణి తలుచుకున్నాడని. (అమ్మకంలో అబద్ధం మాకు కొత్తేం కాదు.) ఆమె ఎదురుగా కూర్చుంటే ఒక్కటీ రాలేదు. "రేటు పెంచమన్నాడమ్మా" అనేశాను. తర్వాత ఏడుస్తూ అంతా చెప్పాను.

ఆమె నావైపే చూసి, "మావోడు బేరమాడినాడా?" అంది.

"ఆడినాడమ్మా."

"టమోటాలు తెమ్మంటే అడిగినంతా ఇచ్చి పుచ్చులు తెచ్చేవాడు నాయనా వాడు." నవ్వింది. ఆ నవ్వు కొంతదూరం నవ్వులాగే వెళ్ళి తర్వాత మారిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఇంకాసేపు ఉంటే గెలిచేవాడా?" అని అడిగింది.

"గెలిచేవాడమ్మా. నా దగ్గర ఇంక వేళ్ళు లేవు" అన్నాను.

ఇప్పుడు ఆత్మకూరు అంగట్లో నా తలకాయ నెరిసింది. గొడవపడి బేరమాడేవాళ్ళకు ఒక్క రూపాయి వదలను. కానీ ఎవరైనా ఆడుతూ ఆడుతూ చప్పున మాట ఆపేసి నిలబడితే గబగబా నేనే తగ్గించేస్తాను. ఈ సంగతి ఎలాగో ఊళ్ళో తెలిసిపోయింది. ఇప్పుడు ముసలమ్మలు కూడా రేటు అడగ్గానే నోరు మూసుకుని, నవ్వాపుకుంటూ, నా మొహంలోకే చూస్తూ నిలబడుతున్నారు. వీడి వ్యాపారం మునిగినట్టే అని నాలోని పాత గడుసువాడు తల కొట్టుకుంటాడు. కొట్టుకోనీ. నిలబడి ఉన్నారు కదా అనుకుని, ఇంకొంచెం తగ్గిస్తాను.