సాన పట్టిన బిట్టు

మైదుకూరులో మా కొడుకు చెక్కపని చేస్తాడు. ఉలి, సుత్తి పట్టి నేర్చుకున్నవాడే, కానీ ఇప్పుడు చెక్కేది సీఎన్‌సీ మిషను. దానికి కంప్యూటర్‌లో లెక్కలు రాసి పెట్టేది మా కోడలు. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు అక్కడ ఉన్న పని పొట్టు ఊడ్చడం, బిట్లు దాచడం.

బిట్టు అంటే మిషను మూతిలో బిగించే వేలెడు ఉక్కు ముక్క. గిర్రున తిరుగుతూ చెక్కను కోసేది అదే. మొద్దుబారితే వాళ్లు పారేసేవాళ్లు. నేను పారేయనివ్వలేదు. డబ్బాలో కూడబెట్టి, బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, సాన పట్టే ముసలాయన దగ్గర పదును పెట్టించి తెచ్చేదాన్ని. కొడవలికి పట్టించినట్టే దీనికీ అనుకున్నాను.

పోయిన ఎండాకాలం ఒక పెద్దమనిషి తలుపు చేయమని టేకు దూలం తెచ్చాడు. వాళ్ల నాయన కట్టిన మిద్దె పడగొడితే వచ్చిన దూలం. రెండు రెక్కలకు సరిగ్గా సరిపోతుంది, జానెడు కూడా మిగలదు.

"చెడిపోతే మళ్లీ తెచ్చేకి ఆ మిద్దె లేదప్పా" అని మా కొడుకుతో నవ్వుతూనే చెప్పి పోయాడు. రెక్కల మీద సన్నటి గాడులు తీసి, వాటిలో ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి పట్టీ కూర్చాలి.

మొదటి రెక్క మీద మిషను గాడులు తీసింది. పట్టీ దిగలేదు. మా కొడుకు సుత్తితో నాలుగు దెబ్బలు వేసేసరికి గాడి పక్కన చెక్క వేలెడు పొడవున చీలింది. సుత్తి కింద పెట్టి అరుగు మీద కూర్చుండిపోయాడు.

నేను కోడలి మీద పడ్డాను.

"ఏం రాసినావు మే దాంట్లో?"

"బిట్టు ఆరు అని రాసినా అత్తా. ఎప్పుడూ అదే కదా."

"కండ్లు మూసుకోని నొక్కింటావు."

"ఈ ఇంట్లో కండ్లు మూసేకి టైం యాడుండాది?"

తెర మీద ఆరే ఉంది. అంకెలైతే నాకు తెలుసు. ఆ పిల్ల వేగం, లోతు, బిట్టు మందం అన్నీ మొదటి నుంచి మళ్లీ చదువుకుంటూ పోయింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండో రెక్క బల్ల మీద ఎదురుచూస్తోంది. దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు.

మోకాళ్లు లాగుతున్నా ఊరికే కూర్చోలేక, గాడిలో పొట్టు తీద్దామని చీలిన రెక్క దగ్గరికి పోయాను. పుల్ల దొరక్క, కొత్త బిట్ల డబ్బాలోంచి ఒకటి తీసి గాడిలో పెట్టాను. దిగలేదు. అదీ ఆరే. మిషను నుంచి విప్పిన పాత బిట్టు పెడితే సరిగ్గా దిగింది. రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుని చూశాను. సాన పట్టిన ప్రతిసారీ పాతది కొంచెం కొంచెం సన్నబడింది. ఇన్నాళ్లూ పూలు, తీగలు చెక్కించారు కాబట్టి ఆ తేడా కనపడలేదు. కంప్యూటర్ మాత్రం ఇంకా ఆరే అనుకుంటోంది.

కాసేపు వాటిని కొంగు చాటున పట్టుకుని నిలబడ్డాను. చెప్పకపోతే రెండో రెక్కా పోతుంది.

"తప్పు నీది కాదు. దీన్ని కొలువు" అని కోడలి చేతిలో పెట్టాను.

కొలిస్తే ఐదున్నర.

"మూడు తూర్లు సాన పట్టిచ్చినావు, ఒక్క తూరన్నా చెప్పకపోతివి."

"అది అరుగుతాదని నాకేం తెల్సు?"

"పొరక అరిగేది తెలుస్తాది, ఇది తెలీలేదా అత్తా?"



కోడలు కంప్యూటర్‌లో ఆరు తీసేసి ఐదున్నర అని రాసి, మొదటి రెక్క మీద గాడులను ఇంకోసారి నడిపించింది. బిట్టు సన్నదని తెలిసి మిషను గాడి అంచులను ఆ తేడా మేరకు ఇంకొంచెం కోసింది. ఈసారి పట్టీ చేత్తో నొక్కితే దిగింది. రెండో రెక్క ఏ మచ్చా లేకుండా వచ్చింది. చీలిన చోట మా కొడుకు జిగురులో పొట్టు కలిపి పూడ్చాడు. గీత మాత్రం పోలేదు.

తలుపు తీసుకుపోవడానికి పెద్దమనిషి వచ్చినప్పుడు, మా కొడుకు నోరు తెరవకముందే నేను చెప్పాను. "ఈడ చీలింది నా వల్ల నాయనా. వీళ్ల వల్ల కాదు."

ఆయన గీత మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. "ఈ దూలానికే మేకులు కొట్టి గంపలు తగిలించేవాళ్లం పెద్దమ్మా. ఇదేం పెద్దది కాదులే" అన్నాడు. దూలం తెచ్చిన నాటి నవ్వు మాత్రం ఆయన ముఖంలో లేదు.

ఇప్పుడూ సాన పట్టిస్తూనే ఉన్నాను. తెచ్చిన వెంటనే కోడలు కొలుస్తుంది, నేను ఆ అంకెను చీటీ మీద రాసి బిట్టుకు దారంతో కడతాను. మిషనుకు బిగించే ముందు చీటీ చదివి చెప్పేదీ నేనే. చుక్క పెట్టి రాసే అంకెలు నాకు తొందరగా పట్టుపడవు, కళ్లు మసకలు. ఆ పిల్ల మీటల మీద చేయి పెట్టుకుని ఆగుతుంది. నేను ఇంకోసారి చదువుతాను.